పండగ సినిమాల మీద ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

భోగి నుంచి మా అక్కయ్యపాలెం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే ఫార్వర్డ్. "ఒకే పాత సినిమాని ఒకే కంపెనీ మూడు ఛానెళ్లలో వేస్తోంది. పాతవాటికి హక్కులుండవు, వాళ్లకి పైసా ఖర్చు లేదు. మన దగ్గర మాత్రం మూడుసార్లు వసూలు. అంతా కేబుల్‌వాళ్ల కుమ్మక్కు!" మా అమ్మ అది నమ్మేసి, నెల డబ్బులకొచ్చిన కేబుల్ అబ్బాయిని గుమ్మంలోనే కడిగేసింది. అమ్మే ఇచ్చిన అరిసె చేతిలో పట్టుకుని, తినాలో వద్దో తెలీక నిలబడ్డాడు పాపం.

ముందు ఆ అబ్బాయి సంగతి. జెమిని మూవీస్‌లో, జీ సినిమాలులో ఏది ఎప్పుడు పడాలో అతని చేతిలో లేదు. ఛానెల్ నుంచి వచ్చింది మన ఇంటికి చేర్చడమే అతని పని. రాత్రిళ్లు లోకల్ ఛానెల్లో సీడీ పెట్టి సినిమా వేసిన పాతరోజులతో దీన్ని కలిపేస్తున్నారు.

"హక్కులుండవు" అన్నది సగం నిజం. జనం బోల్తా పడేది ఆ సగం దగ్గరే. మన కాపీరైట్ చట్టంలో సినిమాకి గడువు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు. 1957 నాటి 'మాయాబజార్'కి అది 2017తో తీరిపోయింది. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'కి మాత్రం 2037 ఆఖరు దాకా ఉంది. దాన్ని వెయ్యాలంటే హక్కులు కొనాల్సిందే. గడువు తీరినదానికైనా టీవీకి పనికొచ్చే మంచి ప్రింటు కావాలిగా? అది ఎవరి దగ్గరుంటే వాళ్లతో బేరమాడాలి.

ఇక మూడు ఛానెళ్ల మాట. శాటిలైట్ హక్కులు, అంటే టీవీలో వేసుకునే హక్కులు, మామూలుగా కొన్నేళ్లకని కొంటారు. ఆ గడువులో ఒక్కసారి వేసి మూల పడేస్తే డబ్బులు గిట్టవు. అందుకే పెద్ద ఛానెల్లో పండగపూట పడింది తర్వాత అదే సంస్థ సినిమా ఛానెల్‌కి దిగుతుంది. పొద్దున గారెల హడావుడిలో తప్పిపోయిన సినిమాని అమ్మ అలాగే రాత్రి తీరిగ్గా చూసింది. ఫార్వర్డ్ నమ్మిందీ ఆవిడే!

వసూలంటారా, ధర ఛానెల్‌కి నెలకింత అని, సినిమాకింత అని కాదు. 2019 నుంచి ఛానెళ్లు విడివిడిగా ఎంచుకోవచ్చు కూడా. ప్యాకేజీలో చూడనివాటికీ కడుతున్నామన్న బాధ నాకూ ఉంది, అది వేరే గొడవ.

తిట్టాలనుంటే యాడ్లని తిట్టండి. నిబంధన గంటకి 12 నిమిషాలు, అందులో 2 నిమిషాలు ఛానెల్ సొంత డప్పు. కనుమనాడు సరిగ్గా యుద్ధం మొదలవగానే బ్రేకిచ్చారు. అమ్మ లేచెళ్లి పప్పు కడిగి కుక్కరెక్కించి, మూడు విజిళ్లయ్యాక వచ్చి కూర్చుంది. తెర మీద ఇంకా సబ్బే.