మిలన్ ఫొటో కింద ఆ నాలుగు లైన్లు

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే మాతో నడిచే మాస్టారు ఒకరు గ్రూపులో ఓ ఫార్వర్డ్ పడేశారు. బీచ్ రోడ్డు మీద విదేశీ నావికుల కవాతు ఫొటో, కింద నాలుగు లైన్లు: "ఉగ్రవాదంతో ఎవడి పోరు వాడిదే. పొరుగు దేశాలు ఒక్క మిలిటెంటునూ మనకు అప్పగించలేదు. సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం ఉత్తమాట. ఒప్పందాలన్నీ కాగితాలే, మిలన్ ఫొటోలకే." సాయంత్రానికి అదే మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది.

మిలన్ అసలు ఉగ్రవాదం మీద కూటమే కాదు, నౌకాదళాల విన్యాసం. 1995లో అండమాన్‌లో మొదలై 2022లో విశాఖకు వచ్చింది. దాని పని కానిదానికి దాన్ని తిట్టడమెందుకు?

ఒక్కణ్నీ అప్పగించలేదన్నది శుద్ధ అబద్ధం. అస్సాం వేర్పాటువాద సాయుధ సంస్థ ఉల్ఫా నాయకుడు అనూప్ చెతియాను బంగ్లాదేశ్ 2015 నవంబరులో అప్పగించింది. 2020 మేలో మయన్మార్ 22 మంది మిలిటెంట్లను ప్రత్యేక విమానమెక్కించి పంపింది. భూటాన్ అయితే 2003 డిసెంబరులో సొంత సైన్యాన్నే దించి తన అడవుల్లోని ఉల్ఫా, బోడో మిలిటెంట్ల శిబిరాలను లేపేసింది.

సమాచారం ఉత్తమాటా? 2019 ఏప్రిల్ 4న భారత్ శ్రీలంక నిఘా సంస్థకు కబురు పంపింది. చర్చిల మీద దాడి జరగొచ్చని, ఆ దాడి సూత్రధారి జహ్రాన్ హషీం పేరుతో సహా. ఆ కబురు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూనే ఉంది. 21న, ఈస్టర్ పూట, బాంబులు పేలాయి. 250 మందికి పైగా పోయారు. పంపింది సరైన సమాచారమే, అందుకున్నవాళ్లే కదల్లేదు. ముందే తెలిసీ ఆపలేకపోయారని 2023లో అక్కడి సుప్రీంకోర్టే మాజీ అధ్యక్షుడు సిరిసేనను నష్టపరిహారం కట్టమంది.

"ఎవడి పోరు వాడిదే" అనేవాళ్లు మన ఏజెన్సీ (మన్యం) వైపు ఓసారి చూడాలి. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో మన గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టులు కొండల పైనుంచి కాల్పులు జరిపారు. 30 మందికి పైగా చనిపోయారు. ఆ నీళ్లు ఒడిశావి, పోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. 2016లో మావోయిస్టుల కోసం ఒడిశాలోని రామగూడకు రెండు రాష్ట్రాల పోలీసులూ కలిసే వెళ్లారు. (ఆ ఎన్‌కౌంటర్ మీద హక్కుల సంఘాల అభ్యంతరాలు వేరే సంగతి.)

కాగితాలన్న మాటలో మాత్రం సగం నిజముంది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఉగ్రవాద నిరోధక ఒప్పందం 1987 నాటిది. 2014 తర్వాత సార్క్ శిఖరాగ్ర సభే జరగలేదు. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్స్‌టెక్ ఉగ్రవాద నిరోధక ఒప్పందం మీద 2009లో సంతకాలైతే, అమల్లోకి వచ్చేసరికి 2021. ఆ ఒక్క ముక్కే పెట్టి ఉంటే మాస్టారికి నేనే లైక్ కొట్టేవాణ్ని.