గుండు, బద్ద, ముక్క

శ్రీకాకుళం జిల్లాలో పరిశ్రమలు లేవన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎన్నికల వేదిక ఎక్కినవారు లేవంటారు. ఓడిపోయి దిగినవారూ లేవనే అంటారు. మా కుర్రవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో రైలెక్కుతూ అదే మాట అంటారు. ముప్పై నాలుగేళ్లు సాంఘికశాస్త్రం బోధించిన నేను కూడా తరగతి తర్వాత తరగతికి ఇదే తప్పు చెప్పాను. నా పాత విద్యార్థులందరికీ ఇందుమూలంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. పరిశ్రమ ఉంది. విజయనగరం వైపు జనపనార మిల్లులకు తాళాలు పడ్డాయి గాని దీనికి ఒక్కనాడూ పడలేదు. కరెంటు పోతే జనరేటరు వేసుకుని నడుస్తుంది. ముడిసరుకు కోసం లారీలు తిప్పే పని లేదు. అది తన కాళ్ల మీద తానే వస్తుంది. నడవలేని నాడు ఆటోలో వస్తుంది.

ఆ పరిశ్రమ పేరు జబ్బు.

దీని పనితీరు తెలియాలంటే ఒకసారి పలాస వెళ్లి రావాలి. అక్కడి కర్మాగారాల్లో జీడి పిక్కను ఉడకబెడతారు, పగలగొడతారు, పప్పును ఎండబెట్టి పొట్టు వలుస్తారు. చివర ఆడవాళ్లు వరసగా కూర్చుని రకాలుగా ఏరుతారు. విరగనిది గుండు. రెండుగా చీలినది బద్ద. నలిగినది ముక్క. మూడింటి రుచి ఒకటే, ధర మాత్రం వేరు. పెంకును సైతం పారేయరు, దాని నుంచి నూనె తీస్తారు. పిక్కలో పనికిరానిదంటూ ఏమీ లేదు.

నాకు ఈ జ్ఞానం పలాసలో కలగలేదు. పోయిన కార్తీక మాసంలో మా పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు ముందు కలిగింది.

ఆ పూట వనభోజనాలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూరను నా వయసుకు తగని రీతిలో తిన్నాను. రాత్రి తొమ్మిదింటికి ఛాతీలో బరువు. మా వీధి ఆర్‌ఎంపీని పిలిపించాము. వచ్చీ రాగానే, "మాస్టారూ, ఎడమ చెయ్యి లాగుతోందా?" అన్నాడు. అంత శ్రద్ధగా అడిగితే లాగకుండా ఎలా ఉంటుంది? లాగింది. "ఇది గుండె వ్యవహారంలా ఉంది మాస్టారూ, ఆలస్యం చేయకూడదు. నాకు తెలిసిన ఆసుపత్రి ఒకటి ఉంది" అన్నాడు. ఆసుపత్రి తెలియని ఆర్‌ఎంపీని నేను ఇంతవరకు చూడలేదు.

కౌంటరు దగ్గర అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న, "కార్డా, క్యాషా?" నొప్పి ఎక్కడన్నది ఆ తర్వాత. బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. మామయ్య మీద ప్రేమ కొద్దీ, కొంత ఉద్యోగం మీది ధీమా కొద్దీ, "క్యాషే" అన్నాడు. అంతే. చక్రాల కుర్చీ వచ్చింది. ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు గబగబా అయిపోయాయి. డాక్టరుగారు కాగితం మీద ఒక గుండె బొమ్మ గీసి, అందులో ఒకచోట పెన్నుతో నల్లగా రుద్ది, "ఇక్కడ అడ్డంకి ఉన్నట్టు అనుమానం. పొద్దున్న యాంజియో చేసి, అవసరమైతే స్టెంటు వేద్దాం" అన్నారు. ఆ 'అవసరమైతే' అన్న మాటను ఎంత మెల్లగా అన్నారంటే, అది నాకు ఇంటికి వచ్చాక గాని వినిపించలేదు.

ఇంతలో మా ఆవిడ సంచి సర్దుకుని వచ్చింది. ఆవిడకు సంచి అంటే అందులో కాగితాలు. "ఈయనకు ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది కదమ్మా, ఏళ్ల తరబడి నెలనెలా కోత కోస్తూనే ఉన్నారు" అంటూ కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. కార్డు లోపలికి వెళ్లింది. పావుగంటకు తిరిగి వచ్చింది. దాని వెనకే కొత్తగా ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఈసీజీ కాగితాన్ని మళ్లీ చూసి, "కంగారేమీ లేదు సార్, గ్యాస్. మాత్ర రాస్తాను, ఇంటికి వెళ్లిపోవచ్చు" అన్నాడు.

కత్తి లేదు, మత్తు లేదు. కార్డు కౌంటరును తాకగానే గుండెలో అడ్డంకి తొలగిపోయింది. 'ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్' అని ఆరోగ్యానికి సూర్యుణ్ణి అడగమన్నారు పెద్దలు. మా అరసవల్లి స్వామి కూడా మొక్కు తీర్చడానికి కొన్ని వారాలు గడువు తీసుకుంటాడు. ఈ కార్డు పావుగంటే తీసుకుంది.

ఆ రాత్రి ఆటోలో వస్తూ నాకు పలాస గుర్తొచ్చింది. క్యాష్ అన్నంతసేపూ నేను గుండును. కార్డు బయటపడగానే ముక్కనైపోయాను. మధ్యలో బద్ద ఉంది, అది బీమా ఉన్నవాడు. ఆయన సగం కంపెనీది, సగం తనది. ఎక్కడ చీలుతుందో డిశ్చార్జి రోజు దాకా ఆయనకే తెలియదు. పాలసీలో రాసిన గది అద్దె పరిమితి దాటి ఒక మెట్టు పై గదిలో పడుకున్నాడనుకోండి, చాలా పాలసీల్లో కోత అద్దెతో ఆగదు, డాక్టరు ఫీజులోనూ ఆపరేషను ఖర్చులోనూ అదే నిష్పత్తిలో పడుతుంది. గదికి కిటికీ పెద్దదైతే కడుపు కోయడానికి ఎక్కువ ఎందుకవుతుందో మా లెక్కల మాస్టారు కూడా చెప్పలేకపోయారు.

దీన్ని కొందరు దురాశ అంటున్నారు. వైద్యంలో లాభాపేక్ష తగదని చర్చలు పెడుతున్నారు. నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. దురాశ మనిషికి ఉండే దుర్గుణం. ఇది రశీదులున్న వ్యవస్థ. 2018 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తిరగేసి, కొన్ని సామాన్ల మీద లాభం నూటికి 1,737 దాకా ఉందని లెక్క తేల్చింది. సెలైను గొట్టానికి తగిలించే ఒక చిన్న ప్లాస్టిక్ మర, కొన్నప్పుడు 5 రూపాయల 77 పైసలు. రోగి బిల్లులోకి వచ్చేసరికి 106 రూపాయలు. మా ఊరి వడ్డీ వ్యాపారిని మేమంతా రక్తం పీలుస్తాడని తిడతాము. పాపం ఆయన తీసుకునేది నెలకు నూటికి ఐదు రూపాయలు. నూటికి 1,737 కళ్లచూడాలంటే ఆయన దాదాపు 29 ఏళ్లు ఓపిక పట్టాలి. ఆ ప్లాస్టిక్ మర స్టోరు గది నుంచి మంచం దాకా నడిచి రావడంలోనే సంపాదించేసింది. పైగా వడ్డీ వ్యాపారి రక్తం పీల్చినా దానికి పరీక్ష ఫీజు వేయడు.

ప్రభుత్వం ఊరుకోలేదు. 2017లో స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టింది. మామూలు స్టెంటు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నది 29,600. మంచి పనే. కానీ ఆసుపత్రి బిల్లు దూది పరుపు లాంటిది, ఒకచోట నొక్కితే పక్కన ఉబ్బుతుంది. తర్వాత 2023 ఆగస్టు 2 తేదీతో జాతీయ వైద్య కమిషన్, డాక్టర్లు మందులకు కంపెనీ పేర్లు కాక అసలు మందు పేర్లే రాయాలని నిబంధన తెచ్చింది. అదే నెల 23న దాన్ని పక్కన పెట్టింది. సరిగ్గా 21 రోజులు. మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు 21వ రోజున బారసాల చేసి పేరు పెడతారు. మందుల పేర్ల కోసం పుట్టిన ఈ బిడ్డను బారసాల వేళకు ఉయ్యాలలో వేసి, ఇంకా లేపలేదు.

పేర్లకు అంత బలం ఎక్కడిదో తెలియాలంటే 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు చూడాలి. ఒక మందుల కంపెనీ డాక్టర్లకు బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌లు బహుమతులిచ్చి, ఆ ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు కోరింది. డాక్టర్లు అలాంటివి పుచ్చుకోవడం నిషేధమైనప్పుడు ఇచ్చినవారికి మినహాయింపు ఏమిటని కోర్టు కాదంది. నాకు మాత్రం ఆ కంపెనీ మీద గౌరవం పెరిగింది. మనలో ఎంతమందిమి ఇచ్చిన మామూళ్లను పన్ను కాగితాల్లో రాసుకుంటాము?

రోగులం మనమేమీ తక్కువ తినలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కోతలే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. డాక్టర్ల అత్యాశ అంటూ మొన్న ఒక పెళ్లిలో ఒకాయన ఉపన్యాసమిచ్చాడు. ఆయన మనవడు పుట్టింది మఖ నక్షత్రం దాటాలని తెల్లవారుజామున నాలుగు గంటలకు సిద్ధాంతిగారు రాసిచ్చిన చీటీ ప్రకారం. బ్రహ్మ నుదుట రాయకముందే సిద్ధాంతి చీటీ మీద రాసేశాడు.

ఇక రాజకీయానికి వస్తాను, తొందరగా దాటిపోతాను. 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది మూడు జిల్లాల్లో. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. ప్రయోగానికి కూడా మొదటి పిక్కలం మేమే. దానివల్ల నిలబడిన గుండెలు మా వీధిలోనే రెండున్నాయి, అబద్ధం చెప్పను. తర్వాత అది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, ఆపైన డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకానికి ఆపరేషను జరుగుతుంది. పేరు తీస్తారు, పేరు పెడతారు, కుట్లు వేస్తారు. 2023లో విజయనగరంలో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిస్తే సంతోషించాము. తీరా చూస్తే కొత్త ప్రభుత్వ కళాశాలల్లో కొన్ని సీట్లు ఏడాదికి 12 లక్షలు, ప్రవాసుల కోటావి 20 లక్షలు. ఇది అన్యాయమని అప్పుడు గర్జించినవారు ఇప్పుడు అధికారంలోకి వచ్చి, పార్వతీపురంతో కలిపి పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇస్తామంటున్నారు. అప్పుడు సీట్లకు ధర కట్టినవారు ఇప్పుడు పేదల ఆస్తి అమ్మేస్తున్నారంటూ కోటి సంతకాల సేకరణకు దిగారు. ఇద్దరి ఉపన్యాసాలూ శ్రద్ధగా విన్నాను. ఇద్దరూ చెప్పింది అక్షరాలా నిజం, ఒకరి గురించి ఒకరు చెప్పినంతవరకు.

ఈ భాగస్వామ్యానికి పెట్టిన పొట్టి పేరు పీపీపీ, అంటే పబ్లిక్ ప్రైవేట్ పార్ట్‌నర్‌షిప్. ఆ మాటకు పార్వతీపురం వాసులు భయపడనక్కర్లేదు. ఆ పక్క కొండల మీది గిరిజన గూడేల్లో అది ఎప్పటి నుంచో అమల్లో ఉంది. కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ముందు భర్త, వెనక మరిది మోసుకుంటూ అంబులెన్సు వచ్చే రోడ్డు దాకా దిగుతారు. డోలీ అంటారు దాన్ని. ప్రజల భుజం, ప్రజల కాలు, ప్రజల ప్రాణం. మూడు 'పీ'లూ వాళ్లవే.

ఉద్దానం గురించి రాయకుండా ఉందామనుకున్నాను, కుదరలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస పండే నేల. నేను తిన్న పనసపొట్టూ అక్కడిదే. అక్కడి మూత్రపిండాల జబ్బుకు కారణం ఫలానా అని ఈనాటికీ తేల్చలేదు. ఎన్ని బృందాలు వచ్చాయో, ఎన్ని సీసాల నీళ్లు, ఎన్ని సంచుల మట్టి, ఎందరి రక్తం పట్టుకెళ్లాయో. మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నాయో రక్త పరీక్షలో చెప్పే అంకె క్రియాటినిన్. నిరక్షరాస్యురాలైన ముసలమ్మ కూడా ఆ మాట తడబడకుండా పలుకుతుంది, తనది ఎంతో చెబుతుంది, చనిపోయేనాటికి భర్తది ఎంతో కూడా చెబుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. డయాలసిస్ మీద ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు యంత్రానికి చెయ్యి అప్పగించి పడుకున్నందుకు. ఈ మొత్తం పరిశ్రమలో ముడిసరుకుకు ఎవరైనా ధర కట్టారంటే అక్కడే.

నా ప్రతిపాదన అక్కడి నుంచి పుట్టిందే. వరికి మద్దతు ధర ఉంది. జీడి పిక్కకూ కావాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కారు. చెరకు రైతుకు బకాయి పెడతారు గాని, చెరకు తెచ్చినందుకు ఎదురు డబ్బు కట్టమని ఏ మిల్లూ అనదు. రోగి ఒక్కడే ముడిసరుకు తానే అయి, రవాణా తానే భరించి, కౌంటరులో అడ్వాన్సు కట్టి, ప్లాస్టిక్ మరకు 106 రూపాయలు ఇచ్చి, చివర డాక్టరుగారికి నమస్కారం పెట్టి వస్తున్నాడు. కాబట్టి రోగికి కనీస మద్దతు ధర ప్రకటించాలి. గుండుకు ఇంత, బద్దకు ఇంత, ముక్కకు ఇంత. నా విషయమే తీసుకోండి. నన్ను చేర్పించినందుకు మా ఆర్‌ఎంపీకి ముట్టింది. పరీక్షలు చేసినందుకు ల్యాబుకు ముట్టింది. పద్దెనిమిది రూపాయలు చాలిన గ్యాస్ నొప్పికి మందుల షాపులో నాలుగు వందలయ్యింది. గుండె నాది. పనసపొట్టు నాది. గ్యాస్ నాది. మరి నా వాటా ఏది?

ఈ వ్యాసం చిత్తుప్రతిని మా ఆర్‌ఎంపీకే మొదట చదివి వినిపించాను. మనిషి మంచివాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, మా వీధికి అతను తప్ప మరెవరూ రారు కూడా. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. వాటా దగ్గరకు వచ్చేసరికి తల వంచుకుని, "మీరన్నది న్యాయమే మాస్టారూ" అన్నాడు.

మర్నాడు సాయంత్రం స్కూటరు ఆపి, సీటు కింద నుంచి ఒక పొట్లం తీసి ఇచ్చాడు. "పలాసది మాస్టారూ. ఆ రోజు నాకొచ్చిన దాంట్లోంచి మీ వాటా అనుకోండి" అని, మా ఆవిడ కాఫీ కలిపేలోగా వెళ్లిపోయాడు.

పొట్లం విప్పి చూశాను. మంచి సరుకే. ముక్కలు.