ఓటు ఊళ్లో, బతుకు బెంగళూరులో

2024 ఏప్రిల్ 26, శుక్రవారం బెంగళూరులో లోక్‌సభ పోలింగ్ జరిగింది. నగరంలోని ఉత్తర, మధ్య, దక్షిణ నియోజకవర్గాలు మూడింటిలో ఒక్కటీ 55 శాతం దాటలేదు. దక్షిణ బెంగళూరులో అయితే 53 చిల్లర. వెంటనే పాత పాట మొదలైంది: లాంగ్ వీకెండ్ వచ్చింది, జనం కూర్గుకు, ఊటీకి చెక్కేశారు.

సరిగ్గా 17 రోజులకు, మే 13 సోమవారం ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. అదీ మూడు రోజుల సెలవే, పైగా ముందు రెండో శనివారం. ఆ వారాంతం బెంగళూరులోని మారతహళ్లి, మడివాళ, సిల్క్‌బోర్డు దగ్గర బ్యాగులు భుజాన వేసుకుని ఊరి బస్సుల కోసం కాచుకున్న జనాన్ని చూసినవాళ్లెవరూ తెలుగువాడికి ఓటంటే పట్టదని అనరు. ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది. కాబట్టి తప్పు సెలవుది కాదు. 2023 అసెంబ్లీ ఎన్నికలను బుధవారం పెట్టి కూడా చూశారు. నగరం కదల్లేదు.

అసలు చర్చంతా ఈ శాతాల చుట్టూ తిరగడమే నాకు నచ్చని సంగతి. ఆంధ్రలోని సొంత ఊళ్లో ఓటుంచుకుని ఇక్కడ బతికేవాడు బెంగళూరు జాబితాలోనే ఉండడు. ఓటు వేయలేదని తిట్టేవాళ్ల లెక్కలోకి కూడా రాడు. పదేళ్లుగా ఇక్కడ అద్దె కడతాడు, పిల్లల్ని ఇక్కడే చదివిస్తాడు, కానీ ఏ కార్పొరేటర్‌కూ, ఏ ఎమ్మెల్యేకూ ఈయనతో పని లేదు.

మరి ఓటు మార్చుకోడేం? కడప నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడుపుకునే ఒకాయన్ని అడిగితే, "ఈడికి మార్చుకుంటే ఆడ రేషన్ కార్డులో పేరు పోతాదంటన్నా" అన్నాడు. రేషన్ కార్డుకూ ఓటర్ల జాబితాకూ సంబంధం లేదు. అయినా ఆ భయం వెనక ఒక నిజముంది. పది ఓట్ల తేడాతో సర్పంచి పదవి చేతులు మారే ఊళ్లో మీ ఇంటి ఓట్లు వేళ్లమీద లెక్కపెడతారు. పోలింగ్‌కు వారం ముందు నుంచే "బావా, ఎప్పుడు దిగుతున్నావ్?" అని రెండు పక్షాల నుంచీ ఫోన్లు. ఇక్కడి అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటువాడికి మన పేరే తెలీదు.

ఆ మోజు వదులుకుని మార్చుకోవాలన్నా సులువు కాదు. 2022 నుంచి చిరునామా మార్పుకు ఫారం-8 ఒక్కటే చాలు, పాత చోట పేరు తీసేసే పనీ దాంతోనే అవుతుంది. ఒక మనిషి పేరు రెండు చోట్ల ఉండకూడదన్నది 1950 నాటి చట్టం. (రెండు కార్డులు దాచుకున్న ఘనులు లేకపోలేదు. ఆ 17 రోజుల్లో వేలి సిరా పోగొట్టే చిట్కాలు వెతికారేమో వాళ్లకే తెలియాలి.) చిక్కంతా రుజువు దగ్గర. రిజిస్టరైన అద్దె పత్రం అడుగుతారు, మన దగ్గరుండేది స్టాంపు పేపరు మీద రాసుకున్న 11 నెలల ఒప్పందం. కరెంటు బిల్లు ఓనరు పేరున, ఆధార్ ఊరి చిరునామాతో. ఏ కాగితమూ లేకపోతే బీఎల్ఓ, అంటే బూత్ స్థాయి ఎన్నికల అధికారి, ఇంటికొచ్చి విచారించాలి. ఆయన వచ్చే వేళకు మొగుడూ పెళ్లామూ ఆఫీసులో, తలుపుకు తాళం.

ఎన్నికల సంఘం దీనికొక యంత్రం చూపించింది. ఉన్న చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే వీలున్న రిమోట్ ఓటింగ్ యంత్రం, ఒక్కదాంట్లో 72 నియోజకవర్గాల వరకు. 2023 జనవరిలో పార్టీలకు ప్రదర్శన పెడితే చాలా పార్టీలు ఒప్పుకోలేదు. నా మటుకు ఆగిపోవడమే మేలు. అది బస్సు చార్జీ మిగులుస్తుంది, అంతే. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, 12,000 లీటర్ల ట్యాంకరుకు అయిదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలని అధికారులే ధర కట్టాల్సి వచ్చిన నగరం ఇది. ఆ నీళ్ల గురించి జమ్మలమడుగు ఎమ్మెల్యేని అడగలేం కదా.

ఇందులో ప్రభుత్వాల వాటా తక్కువేం కాదు. అద్దెకుండేవాడికి అన్నిటికన్నా దగ్గరైన ఓటు వార్డు ఓటు. బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీకి చివరగా ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరింది. 2025 సెప్టెంబరులో దాని స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చేదాకా అధికారుల పాలనే నడిచింది. చెత్తబండి రాలేదని చెప్పుకోవడానికి కార్పొరేటరే లేని చోట, ఓటు మార్చుకోమని అద్దెవాళ్లకు ఏ మొహంతో చెప్తారు?

వార్డు ఎన్నికల జాబితాలు సవరించేటప్పుడైనా బీఎల్ఓలను ఆదివారం పూట పంపాలి. పీజీ హాస్టళ్లకూ, అపార్ట్‌మెంట్ సంఘాల ఆఫీసులకూ వెళ్లి అక్కడే ఫారం-8 తీసుకోవాలి. 11 నెలల ఒప్పందాన్ని రుజువుగా ఒప్పుకోవాలి.