పిల్లోడొచ్చే టైమైంది, ఫోన్ పెట్టెయ్

చలికాలంలో డల్లాస్‌లో పొద్దున ఆరైతే అనంతపురంలో సాయంత్రం ఐదున్నర. ఏళ్ల తరబడి ఆ టైముకే మా నాయనకు ఫోన్ చేస్తున్నాను. మందులు వేసుకున్నావా, బీపీ చూపించుకున్నావా, తిన్నావా. అన్నిటికీ 'ఊఁ' అనేవాడు. అమ్మ పోయాక ఆ 'ఊఁ' కూడా తగ్గింది. అలాంటిది పోయినేడు డిసెంబర్‌లో ఒకరోజు, 'పిల్లోడొచ్చే టైమైంది, ఫోన్ పెట్టెయ్‌ప్పా' అన్నాడు. చిన్నబుచ్చుకోవాల్సిన నేను ఆ రోజంతా హుషారుగా తిరిగాను.

పిల్లోడంటే కింద అద్దెకుండేవాళ్ల అబ్బాయి. ఏడో తరగతి, లెక్కలంటే టెన్షన్. మా నాయన టీచరేమీ కాదు, ఆర్టీసీ కండక్టరు. టికెట్ మిషన్లు రాకముందు కల్యాణదుర్గం బస్సులో, కాలు పెట్టే సందులేని చోట నోటిలెక్కతో చిల్లర ఇచ్చినవాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు వరండాలో కూర్చుని చూశాను.

'టికెట్టు పదమూడున్నర. ముగ్గురెక్కినారు. యాభై ఇచ్చినారు. చిల్లరెంత?'

పిల్లవాడు పెన్ను తీశాడు.

'పెన్ను పక్కన పెట్టు, బస్సు కదులుతాంది. మూడు పద్నాలుగులెంత? నలభై రెండు. రూపాయిన్నర తీసెయ్.'

'నలభైన్నర... తొమ్మిదిన్నర ఇయ్యాల తాతా!'

నాయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. నేను అమెరికా నుంచి దిగినా బనీను మీదే ఎదురొచ్చే మనిషి! కొంచెం కుళ్లుకున్న మాట కూడా నిజమే. డ్యూటీల మధ్య నాకు ఒక్క లెక్కా చెప్పిన పాపాన పోలేదు.

దీన్ని మనం 'సేవ' అనేస్తాం. నాకు ఆ మాటతోనే పేచీ. ఇందులో ఎక్కువ లాభపడింది మా నాయన. నడివయసు మనిషికి తర్వాతి తరాన్ని పట్టించుకోవడమో, ఉన్నచోటే గడ్డకట్టిపోవడమో జరుగుతుందని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే రాశాడు. బాల్టిమోర్‌లో 60 దాటినవాళ్లను వారానికి 15 గంటలు ప్రాథమిక బడుల్లో పిల్లలకు సాయంగా ఉంచి జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు గమనించారు. వాళ్ల ఒంటికి కదలిక పెరిగింది, అవసరానికి పిలవదగ్గ మనుషులు పెరిగారు. మా నాయన విషయంలో నాకు కనిపించింది ఇంకా చిన్నది: ఆయనకు సాయంత్రం అనేది ఒకటి వచ్చింది.

అన్ని రోజులూ సజావుగా సాగలేదు. ఒకసారి 'బుర్రలో మట్టి ఉందారా' అని అరిచాడట. పిల్లవాడు నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు మోకాళ్ల నొప్పితో మెట్లు దిగి తనే వెళ్లాడు. సొంత పిల్లలం, మా ముగ్గురి దగ్గరికీ ఆయన ఏనాడూ అలా దిగిరాలేదు.

ఆరు నెలలుండి పొమ్మని అమెరికాలో ఉండే మనం ఇక్కడికి రప్పించుకునే అమ్మానాన్నల సంగతి వేరు. డైపర్లు మార్చడం, లంచ్ బాక్సులు కట్టడం, కారు నడపడం రాక కిటికీలోంచి రోడ్డు చూడటం. 'మనవడితో కాలక్షేపం' అని మనకు మనం సర్దిచెప్పుకుంటాం. అది జీతంలేని ఉద్యోగం. తనకు వచ్చినదాన్ని తన ఇష్టంతో నేర్పడానికీ దానికీ పోలిక లేదు.

ఇక్కడి మన తెలుగు సంఘం తరఫున ఊళ్లకు వెళ్లి, బడిలో శాలువా కప్పించుకుని, మైకులో 'కష్టపడి చదవండి' అని చెప్పి వస్తాం. నేనూ చెప్పాను. పిల్లలు ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టారు. దాని బదులు, ఊళ్లో పెన్షన్ తీసుకుని టీవీ ముందు కూర్చున్న లైన్‌మెన్లు, నర్సులు, గుమాస్తాలు ఎవరున్నారో, వాళ్ల వీధిలో ఏ పిల్లకు ఏం కావాలో ముందు కనుక్కుందాం. వాళ్లలో సగం మంది మన అమ్మానాన్నలే కదా.

పోయిన వారం నాయనే ఫోన్ చేశాడు. ఆయన చేయడమే వింత. 'మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎట్లయితాదప్పా? పిల్లోడు అడిగినాడు. బస్సులో నాకెప్పుడూ ఈ లెక్క తగల్లేదు.' అది రూలు నాయనా అన్నాను. 'రూలని నేనూ చెప్పినా, వాడు ఒప్పుకోలే. రేపు ఐదున్నరలోపల కనుక్కోని చెప్పు.'

పాతికేళ్ల ఇంజినీరింగ్ సర్వీసు నాది. ఆ రాత్రి వంటింటి టేబుల్ మీద కాగితాలు పరుచుకుని అప్పులు, బాకీలు వేసి చూస్తూ పదకొండు దాకా కూర్చున్నాను.