మహారాజశ్రీ 3435 పద్దు గారికి

మహారాజశ్రీ 3435 పద్దు గారి దివ్య సముఖమునకు, నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ఒక రిటైర్డ్ ట్రెజరీ గుమాస్తా నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమే అనుకుంటాను. మా ఊరి బావి ఒక్కటే బాగాలేదు.

మీరెవరో చాలామందికి తెలియదు కాబట్టి, ఈ ఉత్తరం చాటుగా చదివేవాళ్ల కోసం చెబుతున్నా. ప్రభుత్వం పెట్టే ప్రతి ఖర్చుకీ ఒక నంబరు ఉంటుంది. ఢిల్లీలో అయినా అమరావతిలో అయినా అవే నంబర్లు. వైద్యం 2210, మంచినీళ్లు 2215, తుపాను సాయం 2245, చేపలూ రొయ్యలూ 2405, పల్లెల్లో ఉపాధి పనులు 2505. పర్యావరణం అంటే మీరు, 3435. మా ట్రెజరీ భాషలో హెడ్డు. 26 ఏళ్లు ఈ నంబర్లే నాకు చుట్టాలు. మనవరాలి పుట్టినరోజు మర్చిపోతాను గానీ మీ నంబరు మర్చిపోను.

మీ ఇల్లు ఊరి చివరి వీధిలో. దగ్గర్లోనే 3452, టూరిజం గారు. అప్పుడప్పుడూ వచ్చి మీ చెట్టు కింద ఫొటో తీసుకుని పోతుంటారు. ఆ పక్కనే 3456, పౌర సరఫరాల గారు, బియ్యం బస్తాల మనిషి. 2405 గారిది మాత్రం మెయిన్ రోడ్డు మీద మేడ. ఆయనకీ మీకూ మాటల్లేవని విన్నాను. తగాదా ఏమీ లేదట, అసలు పరిచయమే లేదట.

ఆయన గురించే ఈ ఉత్తరం.

బకింగ్‌హాం కాలువకి ఇవతల మా ఊరు. ఒకప్పుడు వరి మడులు. తర్వాత టైగర్ రొయ్య వచ్చింది, దాని వెనకే తెల్లమచ్చల వైరస్ వచ్చి కొందరి కొంపలు ముంచింది. 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ రొయ్యల గుంటల తవ్వకం మొదలు. మడి కౌలు కంటే గుంట లీజు ఎక్కువ, ఎవరు కాదంటారు? దాచడం దేనికి, నా ఎకరా కూడా ఇచ్చాను. నాట్ల రోజుల్లో మడి నిండా ఆడకూలీలు వరసగా వంగి ఉండేవాళ్లు. గుంటకి ఒక కాపలా మనిషి, రెండు కుక్కలు చాలు. గుంటలో ఉప్పునీళ్లు పక్క మడికి ఊరాయి, ఆ తర్వాత బావికి. ఇప్పుడు మా బావి నీళ్లతో పప్పు వండితే ఉప్పు ఖర్చు కలిసొస్తుంది. ఉడికితే.

ఇక లెక్కలకి వస్తాను. గుంటల సబ్సిడీ 2405లో రాస్తారు. బావి చెడితే వచ్చే ట్యాంకరు 2215లో. నాట్లు పోయిన ఆడవాళ్లకి పలుగూ పారా ఇస్తే అది 2505. మడి పోయాక తినే రేషన్ బియ్యం, మీ దగ్గరి 3456 గారు. గుంట గట్లు అడ్డం పడి వాననీళ్లు ఊళ్లో నిలిస్తే 2245. ఒక్కో పేజీలో ఒక్కో పథకం, ఒక్కో పథకానికి ఒక్కో ప్రారంభోత్సవం. మీ పేజీలో మాత్రం మా ఊరు లేదు. పర్యావరణ దినోత్సవమని జూన్ 5న కట్టిన బ్యానరు ఉంది.

నా సర్వీసులో తప్పు హెడ్డు వేసిన బిల్లు పాస్ చేసి ఎరగను. ఎర్ర ఇంకుతో అబ్జెక్షన్ రాసి తిప్పి పంపేవాణ్ణి. టెంటు అద్దె తెచ్చి స్టేషనరీలో రాశారని ఒక ఆఫీసరు గారి బిల్లు మూడుసార్లు తిప్పాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే ఆయన ముఖం తిప్పుకుంటారు. అంతటివాణ్ణి, ట్యాంకరు బిల్లు 2215 మీద వస్తే కళ్లు మూసుకుని సంతకం పెట్టానే! అది నికరంగా 2405 గారి ఖర్చు కదా. రొయ్య చెడగొట్టిన నీళ్లకి రొయ్య పద్దే కట్టాలి కదా. ఈ తెలివి రిటైరయ్యాక వచ్చింది.

మా చిన్నమ్మకి ఈ హెడ్లేవీ తెలియవు. బిందె చంకన పెట్టుకుని, "ఏం నాయనా, ట్యాంకరు యాడదాకా వచ్చిందంట?" అని అడుగుతుంది. ఆమె చేతిలో తెల్లకార్డు చూస్తే పేదల లెక్కలోకి వస్తుంది, చంకన బిందె చూస్తే మీ లెక్కలోకి రావాలి. ఒకే మనిషి రెండు లెక్కల్లో ఉంటే ఆడిట్ ఒప్పుకోదు. అందుకే కాబోలు, మీరు బిందె వైపు చూడలేదు.

కోర్టు చెప్పలేదా అంటే, చెప్పింది. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ గారు వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంప్రదాయ పద్ధతివి తప్ప తీర నియంత్రణ పరిధిలో, అంటే సముద్రం ఒడ్డున కట్టడాలకి ఆంక్షలున్న మేరలో, రొయ్యల గుంటలు ఉండకూడదు, చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలి అంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. దాంతో, పోవాల్సిన గుంటలు పోకుండా రిజిస్టరయ్యాయి.

అదే 2005లో ఐక్యరాజ్యసమితిలో అభివృద్ధి విభాగమూ పర్యావరణ విభాగమూ ఒకచోట కూర్చుని, పేదరికాన్నీ పర్యావరణాన్నీ కలిపి దేశాల ప్రణాళికల్లో, బడ్జెట్లలో ఎక్కించాలని ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి. నేపాల్ బడ్జెట్లో పథకం పక్కన వాతావరణ కోడ్ వేస్తారు: బాగా సంబంధం ఉంది, కొంత ఉంది, లేదు. ఒడిశా 2020-21 నుంచి వాతావరణ బడ్జెట్ అని వేరే పుస్తకమే వేస్తోంది. సంతోషం. కానీ గుమాస్తాగా ఒక రహస్యం చెప్పాలి. కాలమ్ గీసి ఇస్తే నింపడం మాకు వెన్నతో పెట్టిన విద్య. గుంట గట్టు మీద నాలుగు కొబ్బరి మొక్కలు కనిపిస్తే చాలు, "బాగా సంబంధం ఉంది" అని టిక్ కొట్టేస్తాం. నాకు కావాల్సింది డెబిట్. ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ 2405 గారి ఖాతాలో డబ్బు తగ్గితే, వచ్చే ఏడాది కొత్త గుంటకి సబ్సిడీ రాసేముందు ఆయనే మా బావి దగ్గరికొచ్చి నీళ్లు పుక్కిలించి చూస్తారు.

మొహర్రానికి నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, తీరాల్సినవాళ్లు నీళ్లలో నిలబడి పుచ్చుకుంటారు. తమరు తప్పక రావాలి, 2405 గారినీ వెంటబెట్టుకు రావాలి. ఆయన కోరికలు చాలానే తీరాయి గనుక ఇచ్చేవాళ్లలో నిలబడతారు. పుచ్చుకునే వైపు మా చిన్నమ్మ ఉంటుంది. మంచినీళ్ల రొట్టె ఎక్కడ పంచుతారో కనుక్కుంటున్నాను. తమరు ఏ వైపో తేలకపోతే గట్టు మీద కూర్చోండి, 3452 గారు ఫొటో తీస్తారు.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక మాజీ గుమాస్తా

తా.క.: జవాబు కోసం స్టాంపు అంటించిన కవరు జతచేశాను. ఆ ఖర్చు ఏ హెడ్డులో రాయాలో తేలక నా పెన్షన్లోంచే పెట్టుకున్నాను.