మూడు ఓటములు అడ్డు కాలేదు
టీమ్ టైటిల్ రేసులో లేకపోతే ఆటగాడు హైస్‌మన్ ట్రోఫీ (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఓట్లతో ఇచ్చే అవార్డు) మీద ఆశ వదులుకోవాల్సిందేనని మీరు రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. 2023లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) జేడెన్ డేనియల్స్‌కి ట్రోఫీ ఇచ్చేనాటికి అతని టీమ్ ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మూడు మ్యాచ్‌లు ఓడి ఉంది. రెండో స్థానంలో నిలిచిన మైకేల్ పెనిక్స్ టీమ్ వాషింగ్టన్ ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ సీజన్‌లోనే ఓలే మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ టీమ్) మీద ఎల్‌ఎస్‌యూ 49 పాయింట్లు కొట్టి కూడా ఓడిపోయింది, డిఫెన్స్ 55 ఇచ్చేసింది మరి. అందులో క్వార్టర్‌బ్యాక్ తప్పేముంది? ఫ్లోరిడాతో మ్యాచ్ నేను లైవ్‌లో చూశాను. డేనియల్స్ పాసుల మీద 372 గజాలు, సొంత కాళ్ల మీద 234 గజాలు! బంతి పట్టుకుని 85 గజాలు ఒక్క బిగిన దూసుకెళ్లి టచ్‌డౌన్ చేస్తుంటే (అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తుంటే) ఇంట్లో కూర్చోలేక లేచి నిలబడ్డాను. ఒకే మ్యాచ్‌లో పాసింగ్ 350, రన్నింగ్ 200 దాటడం టాప్ డివిజన్‌లో అంతకు ముందు ఎవరివల్లా కాలేదు. అలాంటి ఆట కళ్లముందు కనబడ్డాక ఓటేసేవాళ్లు మాత్రం పాయింట్ల పట్టిక ఎందుకు చూస్తారు? అయితే మీ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. 2022లో ఈ ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ మరుసటి ఏడాది కూడా 30 టచ్‌డౌన్ పాసులు విసిరాడు, కానీ అతని టీమ్ యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) ఏడు గెలుపులు, ఐదు ఓటములకి పడిపోయేసరికి ఫైనలిస్టుల్లో కూడా పేరు రాలేదు. నాకది అన్యాయంగానే అనిపించింది. మూడు ఓటముల దాకా క్షమిస్తారు, ఐదైతే మొహం కూడా చూడరు. ఓటములే ఎక్కువున్న టీమ్ నుంచి గెలిచింది ఇప్పటిదాకా ఒక్కడే, 1956లో నోటర్ డేమ్ యూనివర్సిటీ ఆటగాడు పాల్ హార్నంగ్. ఆ ఏడాది వాళ్లు గెలిచింది రెండు, ఓడింది ఎనిమిది.