చెరువు గట్టున టీచరుకేం పని?

ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాల్లో కొంతకాలంగా ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇది: ‘పర్యావరణ పాఠాల కోసం టీచర్లను చెట్ల వెంట, చెరువుల వెంట తిప్పి శిక్షణ ఇవ్వడం శుద్ధ దండగ. పల్లె పిల్లలకు చెట్టూ పుట్టా మనకంటే బాగా తెలుసు. తెలియనివి వీడియోలో చూపిస్తే సరిపోతుంది. మొక్కల పేర్లు, పురుగుల పేర్లు వారం రోజుల శిక్షణతో రావు. పట్నం బడిలో సిమెంటు గచ్చు తప్ప ప్రకృతి ఎక్కడుంది? క్షేత్ర పర్యటనలు చేస్తూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పిల్లవాణ్ని పాము కరిస్తే జవాబు ఎవరు చెబుతారు?’ చివర దండం పెట్టే చేతుల బొమ్మ, పది మందికి పంపమన్న విన్నపం.

దీన్ని ముందుకు పంపుతున్నవారిలో మంచి ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వారి విసుగు నాకు అర్థమవుతుంది. శిక్షణ పేరుతో మనకు అలవాటైనది ఏమిటి? తలుపులు మూసిన హాలు, గోడ మీద స్లైడ్లు, హాజరు పట్టీలో సంతకం, పదకొండింటికి టీ, సాయంత్రానికి చేతికో మాడ్యూల్. ‘పరిసరాల ఆధారిత బోధన’ మీద ఉపన్యాసం సాగుతున్నంతసేపూ ఆ పరిసరాలు కిటికీ అవతలే ఉంటాయి. తెర మీద అక్షరాలు కనిపించడం కోసం ఆ కిటికీకి పరదా కూడా వేస్తారు. అలాంటి శిక్షణ దండగంటే నేనూ రెండు చేతులెత్తి ఒప్పుకుంటాను. ఈ సందేశం మాత్రం పరదా తీసి బయటికి నడిపించే శిక్షణనే దండగంటోంది. కాబట్టి ఒక్కొక్క మాటా పట్టి చూద్దాం.

పల్లె పిల్లలకు అన్నీ తెలుసన్నది మొదటి మాట. చాలా తెలుసు, కాదనను. మేడిపండు పొట్టలో పురుగులుంటాయన్న సంగతి పద్యం పుణ్యమా అని పట్నం పిల్లలకూ తెలుసు. అవి లోపలికి ఎలా చేరాయని అడిగితే జవాబు చెప్పేవారు అరుదు. మేడికి బయటికి కనిపించే పువ్వు ఉండదు. మనం కాయ అనుకునేదాని లోపలి గోడ నిండా పూలే. చీమకన్నా చిన్నదైన ఒక కందిరీగ, ఆడది, కాయ కొనన ఉన్న సన్నటి సందులోంచి లోపలికి దూరుతుంది. వెంట తెచ్చిన పుప్పొడిని పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లలు ఎదిగాక రెక్కల్లేని మగవి బయటికి దారి తొలుస్తాయి. ఆడవి ఆ దారిన పుప్పొడితో సహా బయటపడి, పూత మీదున్న మరో మేడిని వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. ఈ కందిరీగ లేకపోతే మేడికి గింజ కట్టదు; మేడి లేకపోతే కందిరీగకు సంతానం లేదు.

చెట్టెక్కి మేడికాయలు కోసే పిల్లవాడికి ఆ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ పిట్టలు వాలతాయో టీచరుకంటే బాగా తెలిసి ఉండవచ్చు. ఆ తెలిసినదాని మీద మరో ప్రశ్న వేసే మనిషి అతనికి కావాలి. వారానికి ఒకటి చొప్పున కాయలు కోసి చూద్దామా? పురుగులు ఏ వారం కనిపించాయి? పైన కన్నం పడని కాయలో ఉన్నాయా, పడినదాంట్లో ఉన్నాయా? ఒక్కసారైనా మేడికాయ కోసి భూతద్దం కింద పెట్టి చూడని టీచరుకు ఈ ప్రశ్నలు తట్టవు. పిల్లలకు ఎక్కువ తెలిసినకొద్దీ టీచరు మీద బరువు పెరుగుతుందే గాని తగ్గదు.

వీడియో సంగతి రెండు ముక్కల్లో తేల్చవచ్చు. కజిరంగా ఖడ్గమృగాన్ని మన బడికి తీసుకురాగలిగింది అదొక్కటే, అందుకు దానికి దండం. కానీ అందులో ప్రశ్న వేసినవారూ, వెతికినవారూ, జవాబు కనుక్కున్నవారూ వేరే ఎవరో. ఏమీ కనిపించకుండా గడిచిన గంటలన్నీ కత్తిరించేసి ఉంటాయి. పరిశోధకుల రోజుల్లో ఎక్కువ భాగం ఆ గంటలే.

ఇక పేర్ల మాట. సందేశం మొత్తంలో ఎక్కువమందిని పట్టేసింది ఇదే అనుకుంటాను. పేర్లు వారంలో రావన్నది నిజమే, ఏడాదిలోనూ రావు. క్లాసులో పిల్లవాడు దోసిట్లో ఏదో పురుగును తెచ్చి ‘ఇదేమిటి సార్?’ అంటే ‘బయట పారేసి రా’ అనిపించేది పేరు తెలియకపోతే పరువు పోతుందన్న భయమే. అయితే జీవావరణ శాస్త్రం అంటే పేర్ల పట్టిక అని ఎవరు చెప్పారు? ఎవరు ఎక్కడ బతుకుతున్నారు, ఎవరిని తిని బతుకుతున్నారు, ఎందుకు అక్కడే ఉన్నారు అన్నవి ఆ శాస్త్రానికి అసలు ప్రశ్నలు. వాటిని పేర్లు లేకుండానే మొదలుపెట్టవచ్చు.

రోడ్డు పక్కన, పాడుబడ్డ గోడ పక్కన, ఎవరూ పట్టించుకోని ప్రతి చోటా జిల్లేడు మొక్క ఉంటుంది. శిక్షణలో నలుగురేసి టీచర్లను ఒక్కో జిల్లేడు దగ్గర అరగంట నిలబెట్టి, పేరు ఎవరూ చెప్పకూడదని షరతు పెట్టి చూడండి. లేత కొమ్మల మీద, ఆకుల అడుగున పసుపుపచ్చగా గుంపులు గుంపులుగా పేనుబంక, అంటే మొక్క రసం పీల్చే బుల్లి పురుగులు. ఆ గుంపుల మధ్య హడావిడిగా చీమలు: పేనుబంక విసర్జించే తియ్యటి ద్రవం కోసం వచ్చాయి. పక్కనే ఎర్రటి అక్షింతల పురుగు (లేడీబర్డ్) పేనుబంకను తింటూ ఉంటుంది. దాని పిల్లపురుగుకు తల్లి పోలికే ఉండదు, చీడపురుగు అనుకుని నలిపేసేవారే ఎక్కువ. ఆకు అంచున నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు; కొన్నాళ్లకు అది నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. ఇంకో కొమ్మ మీద పసుపు, నీలం మచ్చల జిల్లేడు మిడత. పూల మీద రొద చేస్తూ పెద్ద నల్లటి తుమ్మెద.

గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బోర్డు మీద ఏళ్ల తరబడి గీసిన ఆహారపు గొలుసును ఇప్పుడు ఈ మొక్క ముందు పెట్టి చూడమనండి. గొలుసు అతకదు, కొమ్మలు కొమ్మలుగా విడిపోతుంది. పశువులు ముట్టని విషపు పాల మొక్కను ఈ మిడత ఎలా తింటోందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ విషాన్ని అది ఒంట్లోనే దాచుకుంటుంది. కొట్టొచ్చినట్టు కనిపించే ఆ రంగులు తన జోలికి రావద్దని పిట్టలకు చేసే హెచ్చరిక. ‘చీమలు కాపలా ఉన్న కొమ్మల మీద అక్షింతల పురుగులు తక్కువ ఉన్నట్టున్నాయే’ అని ఇంకొకరు అంటారు. నిజంగానే తక్కువా? చీమలున్న కొమ్మలు పది, లేనివి పది తీసుకుని లెక్కపెట్టాలి. ఆ లెక్కకు ఏడో తరగతి పిల్లలు చాలు. పేర్లు ఆ తర్వాత నిదానంగా వస్తాయి. ఫోనులో ఫొటో తీసి ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవారు చెబుతారు.

పట్నం బడిలో ప్రకృతి లేదంటున్నవారు బడి ఆవరణను ఎప్పుడైనా వంగి చూశారా? లాటిన్ అమెరికాలో పీటర్ ఫైన్‌సింగర్ అనే జీవావరణ శాస్త్రవేత్త, అక్కడి సహచరులు 1990ల నుంచి ఉపాధ్యాయులకు నేర్పుతూ వచ్చిన పద్ధతికి పునాదే బడి ఆవరణ. అడవికి వెళ్లే పని లేదు. ముందు ప్రశ్న, తర్వాత పని, ఆపైన దాని గురించి ఆలోచన. ప్రశ్నకు కొన్ని షరతులున్నాయి: అక్కడికక్కడే జవాబు దొరకాలి, రెండింటిని పోల్చాలి, ఆసక్తి పుట్టించాలి, శాస్త్ర పరిభాష లేని మాటల్లో ఉండాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కూర్చుని రాయబోతే తెలుస్తుంది కష్టం. ‘కాలుష్యం మొక్కలపై ప్రభావం’ అని రాసుకున్నవారు ఆవరణలోకి వచ్చి ఏం కొలవాలో తెలియక నిలబడిపోతారు.

మన బడులకు తగిన ఒక ఉదాహరణ. నాలుగు మీటర్ల తాడు, నాలుగు పుల్లలు ఉంటే ఒక చదరపు మీటరు గడి తయారు. దాన్ని ఒకసారి ఉదయం ప్రార్థన జరిగే చోట, ఒకసారి ప్రహరీ పక్కన పరచి ఎన్ని రకాల మొక్కలున్నాయో, ఎంత ఎత్తున ఉన్నాయో రాయాలి. రోజూ వందల పాదాలు తొక్కే చోట గరిక నేలకు కరుచుకుని ఉంటుంది, మిగతాదంతా బోడి నేల. గోడ పక్కన ఉత్తరేణి, వయ్యారిభామ నిటారుగా నిలబడి ఉంటాయి. గరిక కాడ నేల మీదే పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది కాబట్టి తొక్కినా చావదు. నిటారుగా ఎదిగేదాని పెరిగే కొన పైనే ఉంటుంది, తొక్కితే ముందు పోయేది అదే. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు శిక్షణ ఆ తర్వాత మొదలవుతుంది. ‘ఒక్కో చోట ఒక్క గడి చూసి చెబితే సరిపోతుందా? గోడ పక్కన నీడ కూడా ఉంది కదా, తేడా నీడ వల్ల కాదని ఏమిటి?’ అని ఒక టీచరు మెలిక పెడతారు. మిగతావారు వాదిస్తారు. ఎండలో ఉన్న గోడను వెతుక్కుంటూ, గడుల సంఖ్య పెంచుతూ ఆ పూటంతా గడుస్తుంది. పరిశోధన పద్ధతి మీద ఎన్ని స్లైడ్లు చూపినా ఆ వాదన పుట్టదు.

పూర్తిగా గచ్చు చేసిన ఆవరణైనా సరే, గోడ పగుళ్లలో రావి మొలక ఉంటుంది, ఏ పిట్ట రెట్టలోంచో వచ్చి. కొళాయి కింద నాచు ఉంటుంది. గేటు బయట ఒక చెట్టైనా ఉంటుంది. కేరళలో ఎన్నో బడులు సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో భాగంగా ఒక్కో చెట్టును ఎంచుకుని, దాని చిగురు, పూత, కాత వారం వారం నమోదు చేస్తున్నాయి. మామిడి, చింత, వేప, రేల, కానుగ ఆ జాబితాలోవే. మన ఊళ్లలో లేని చెట్టు అందులో ఏది?

సిలబస్ ఎవరు పూర్తి చేస్తారన్నది బరువైన ప్రశ్నే. అయితే ఈ పనిని సిలబస్‌కు అవతల ఉన్నదానిలా చెప్పడం సరికాదు. పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం ఆవాసం, అభ్యసనం అనే అంశం మీద జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన ప్రత్యేక బృందమే పనిచేసింది. మన పాఠ్యపుస్తకాల నిండా ప్రాజెక్టు పనులున్నాయి. వాటి స్థానంలో ఇప్పుడు జరుగుతున్నది పుస్తకాల షాపులో బొమ్మల షీట్లు కొని చార్టుకు అతికించడం. ఆ గంటలను ఆవరణలోకి మళ్లిస్తే సిలబస్ నుంచి పోయేదేమీ లేదు.

సాధ్యమేనా అనేవారికి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా, ఇప్పటి నర్మదాపురం, ఉంది. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు ప్రయోగాలు చేస్తూ, పొలాల్లోకీ వాగుల దగ్గరికీ వెళ్లి చూస్తూ నేర్చుకోవాలన్నది పథకం. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత బాధ్యత తీసుకుంది. అక్కడ వేసవి శిక్షణల్లో ఉపన్యాసాలు వినిపించి పంపేయలేదు. పిల్లలు చేయబోయే ప్రయోగాలనే టీచర్లు ముందు తమ చేతులతో చేశారు. పరీక్ష హాల్లోకి పుస్తకం తెచ్చుకోనిచ్చారు, ప్రయోగ పరీక్ష కూడా పెట్టారు. అంటే బోధన మారితే పరీక్ష కూడా మారాలని వారికి తెలుసు. మన దగ్గర ఎప్పుడూ వదిలేసేది ఆ ముక్కనే. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది కదా అని ఎత్తిచూపేవారుంటారు. ఆపింది ప్రభుత్వం. ముప్పై ఏళ్లు నడిపింది మామూలు సర్కారు బడుల టీచర్లు.

చివరిది పాము. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయను, తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవాల్సింది టీచరే. నిజానికి పాముకన్నా నేను భయపడేది నీటికి. గట్టు మీద నిలబడి చూసే పాఠానికి, నీళ్లలో దిగే పాఠానికి చాలా తేడా ఉంది; రెండోది పిల్లలతో చేయనే కూడదు. ముందు రోజు టీచరు వెళ్లి చోటు చూసి రావాలి. పుట్టల్లో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వకూడదు. కాళ్లకు బూట్లుండాలి, వెంట ఇంకో పెద్ద ఉండాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి ఆకు తుంచనివ్వకూడదు. ఇవన్నీ టీచరుకు ఎక్కడ నేర్పుతారు? ఈ శిక్షణలోనే కదా.

సందేశం అడగాల్సి ఉండీ అడగని ప్రశ్న ఒకటుంది: శిక్షణ అయ్యాక టీచరు తన బడికి వెళ్లి ఒక మెలిక దగ్గర ఆగిపోతే ఎవరిని అడగాలి? హోషంగాబాద్‌లో నెలనెలా టీచర్లు కలుసుకుని ఆ నెల పాఠాలు ఎక్కడ బెడిసికొట్టాయో మాట్లాడుకునేవారు. మనకూ చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. వాటిలో సర్క్యులర్లు చదివే సమయంలోంచి గంటన్నర తీసి, తాడు, కొలత టేపు, భూతద్దాలు పట్టుకుని ఆ బడి ఆవరణలోకే నడవవచ్చు. మా జిల్లేళ్ల మీద చీమలున్న చోటే అక్షింతల పురుగులు ఎక్కువగా కనిపించాయని ఒకరు, మా దగ్గర తక్కువని ఇంకొకరు తమ నోటు పుస్తకాలు తెరిచి చూపించుకోవచ్చు. ఇద్దరి లెక్కలూ ఎందుకు తేడాగా వచ్చాయన్నది వచ్చే నెల సమావేశానికి పని.